దుమ్ముకు కొలత లేదా?

మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల సంగతి మాకు తెలియదని చెప్పే అవకాశం ఏ ప్రభుత్వానికీ లేదు. 2007 జనవరిలో ఆ పట్టణ విద్యుత్ పంపిణీని ఫ్రాంచైజీ పద్ధతిలో టొరెంట్ పవర్‌కు అప్పగించారు. దేశంలో అలాంటి ఏర్పాటు అదే మొదటిది. అంతకుముందు ఊళ్లోకి వచ్చిన కరెంటులో సగానికి పైగా లెక్కకు అందకుండా పోయేది. ఆ తర్వాత మీటర్లు మారాయి, తీగలు మారాయి, నష్టాలు బాగా తగ్గాయి. ఇవాళ ఏ గల్లీలో ఏ కార్ఖానా ఉందో, అందులో ఎన్ని హార్స్‌పవర్ మోటార్లు తిరుగుతున్నాయో, 27 హార్స్‌పవర్‌కు లోపు వాడకానికి ఎంత రాయితీ, పైన ఎంత అన్నది మహారాష్ట్ర ప్రభుత్వ కాగితాల్లో ఉంది. యూనిట్లు, పైసలు సహా ఉంది. ఆ కార్ఖానా గాలిలో నూలు దుమ్ము ఎంత తేలుతోందన్న లెక్కను మాత్రం అదే ప్రభుత్వం ప్రజల ముందు పెట్టదు. కరెంటు కొలవడానికి చూపిన శ్రద్ధలో పదోవంతు ఊపిరి కొలవడానికి చూపి ఉంటే ఈ సంపాదకీయం రాయవలసిన పని ఉండేది కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, భివండీకి గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న మహానగరంలో వార్ధక్యం కొత్త వ్యాపారంగా మారింది. ముంబయి, బెంగళూరు, హైదరాబాద్‌లలో దీర్ఘాయువు క్లినిక్‌లు వెలుస్తున్నాయి. ముసలితనానికి మూలం రెండుచోట్ల ఉందని వాటి వెనకనున్న వాదం. రోగనిరోధక కణాల చురుకు తగ్గుతుంది, రక్తంలో హానికర పదార్థాలు పేరుకుంటాయి. కాబట్టి కణాలకు పదును పెట్టాలి, రక్తాన్ని వడకట్టాలి. ప్రపంచంలో చాలాచోట్ల ఈ రెంటినీ చికిత్సలుగా లక్షలకు అమ్ముతున్నారు. ఆ వాదంలో శాస్త్రం ఎంత, సరుకు ఎంత అని తేల్చుకోవడం ఒక బాధ్యత. అందులో ఉన్న శాస్త్రం నిజమైతే అది రాత్రీ పగలూ సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడే మనిషి గురించి ఏం చెబుతోందని అడగడం అంతకంటే పెద్ద బాధ్యత. రెండో ప్రశ్నను అడిగే సంస్థ ఏదీ మన కంటికి కనబడటం లేదు.

ముందు శాస్త్రం సంగతి. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ముసలి ఎలుకనూ పడుచు ఎలుకనూ రక్తప్రసరణ కలిసేలా కుట్టి, ముసలి ఎలుక కండరాల్లో మరమ్మతు శక్తి తిరిగి రావడం గమనించి ‘నేచర్’లో ప్రచురించారు. దాన్ని పట్టుకుని ఒక అమెరికన్ కంపెనీ పడుచువారి ప్లాస్మాను లీటరు 8,000 డాలర్లకు ఎక్కించే అంగడి తెరిచింది. 2019 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కల్పించుకుని, దీనివల్ల మేలు రుజువు కాలేదు, హాని మాత్రం ఉండవచ్చు అని హెచ్చరించాక ఆ అంగడి మూతపడింది. 2023లో బ్రయాన్ జాన్సన్ అనే అమెరికన్ సంపన్నుడు కన్నకొడుకు ప్లాస్మానే ఎక్కించుకుని, కొన్ని నెలలకు లాభమేమీ కనబడలేదని తానే ప్రకటించాడు. యయాతి కథ తెలిసిన మన పాఠకులకు ఇందులో కొత్తదనం తోచకపోవచ్చు.

అసలు పరిశోధకులు ఈలోగా వేరే దారి పట్టారు. మొదటి ప్రయోగంలో పాలుపంచుకున్న కాన్‌బాయ్ దంపతులు 2020లో, పడుచు రక్తం అక్కర్లేదు, ముసలి ఎలుక ప్లాస్మాలో సగాన్ని ఉప్పునీరు, అల్బుమిన్‌తో మార్చి పలుచన చేసినా చాలావరకు అదే ఫలితం వస్తోందని చూపారు. అంటే కొత్తగా చేర్చేదానికంటే, పాతది తీసేయడమే ముఖ్యం కావచ్చు. స్పెయిన్‌కు చెందిన గ్రిఫోల్స్ సంస్థ అల్జీమర్స్ రోగుల మీద చేసిన ప్లాస్మా మార్పిడి పరీక్ష 2020లో వెలువడి కొంత ఆశ పుట్టించింది, చర్చ ఇంకా తెగలేదు. 2025లో కాలిఫోర్నియాలోని బక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు యాభై దాటిన కొద్ది పదుల మంది మీద జరిపిన పరీక్షలో, ప్లాస్మా మార్పిడికి ఇమ్యునోగ్లోబులిన్ జోడించినవారి ‘జీవ వయసు’ సగటున రెండున్నరేళ్లకు కాస్త పైగా తగ్గినట్టు రక్తపు గుర్తులు చూపాయి. ఆ చికిత్స అందించే సంస్థవారూ ఆ పరిశోధనలో భాగస్వాములు. గుర్తులు తగ్గడం వేరు, మనిషి ఎక్కువకాలం ఆరోగ్యంగా బతకడం వేరు. రెండోది ఇంతవరకు ఎవరూ చూపలేదు.

రోగనిరోధక కణాల కథా ఇలాంటిదే. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో ‘నేచురల్ కిల్లర్’ అని పేరు పెట్టిన కణాలు వైరస్ సోకిన కణాలనూ, క్యాన్సర్ మొలకలనూ ముందస్తు శిక్షణ లేకుండానే చంపుతాయి. జపాన్‌లోని సైతామా ప్రాంతంలో 3,625 మందిని పదకొండేళ్లపాటు గమనించిన కజుయే ఇమాయి బృందం, ఈ కణాల చురుకు తక్కువగా ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2000లో ‘లాన్సెట్’లో రాసింది. గట్టి పరిశోధన. అయితే చురుకు తక్కువ ఉండటం ముప్పుకు గుర్తు అని అది చెప్పింది కానీ, ప్రయోగశాలలో ఆ కణాలను పెంచి ఎక్కిస్తే ముప్పు పోతుందని చెప్పలేదు. ఆ తేడాను దాటేసి జపాన్‌లో కొన్ని క్లినిక్‌లు ఆరోగ్యంగా ఉన్నవారికి సైతం ‘క్యాన్సర్ నివారణ’ పేరిట ఆ కణాలు ఎక్కించసాగాయి. 2024 అక్టోబరులో ఇద్దరికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకి ఆసుపత్రి పాలయ్యాక అక్కడి ఆరోగ్యశాఖ అత్యవసర ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది.

ప్లాస్మా మార్పిడి చెడ్డ వైద్యమని మా ఉద్దేశం కాదు. గిలియన్ బారే, మయస్తీనియా గ్రావిస్ రోగులకు అది ప్రాణదానం. ఎలుకల మందులోని పసుపు భాస్వరం తిని కాలేయం చెడినవారిని ఈ పద్ధతితో బతికించే కృషికి వేలూరు సీఎంసీ దారి చూపింది. మూడు లీటర్ల దాకా ప్లాస్మా తీసి అల్బుమిన్‌తో నింపే ఆ రెండు మూడు గంటల్లో రక్తపోటు పడిపోవచ్చు, కాల్షియం తగ్గవచ్చు, ఇన్ఫెక్షన్లను ఎదిరించే యాంటీబాడీలు సైతం వెళ్లిపోతాయి. ప్రాణం మీదకు వచ్చినవాడు ఆ ముప్పును భరించడం న్యాయం. ఏ జబ్బూ లేనివాడికి అదే అమ్మడం వేరే సంగతి. దీనికి మన చట్టంలో జవాబు లేకపోలేదు. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె, ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితాలో అకాల వార్ధక్యాన్నీ, యవ్వనం తిరిగి తెచ్చే శక్తినీ ఎప్పుడో చేర్చింది. కణాలతో తయారైన ఉత్పత్తి కొత్త మందుతో సమానమని 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనలు స్పష్టం చేశాయి. ఇవి ఉండగా యవ్వనపు ప్రకటనలు ఎలా నడుస్తున్నాయో మహారాష్ట్ర ఆహార, ఔషధ పరిపాలన శాఖ చెప్పాలి. ప్రకటన వేసిన పత్రికలూ, చానళ్లూ కూడా.

అయితే డబ్బున్నవాడు మోసపోవడం ఇక్కడ మా ప్రధాన ఫిర్యాదు కాదు. అతనికి వినియోగదారుల కమిషన్ ఉంది, వకీలు ఉన్నాడు. అదే శాస్త్రం, అదే కణాలు, అదే రక్తం భివండీ గురించి ఏం చెబుతున్నాయో వినండి.

కాలిఫోర్నియాలో మైకేల్ ఇర్విన్ 1990లలో చేసిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యవంతులైన మగవారికి ఒక్క రాత్రి నిద్రలో కొంత భాగం చెడగొడితే మర్నాటికి వారి నేచురల్ కిల్లర్ కణాల చురుకు నాలుగోవంతుకు పైగా పడిపోయింది. ఒక రాత్రి మళ్లీ నిండుగా పడుకోనిస్తే తిరిగి లేచింది. సాంచా మీద పనిచేసేవాడి రాత్రులను ఆ లెక్కకు పెట్టండి. పన్నెండు గంటల షిఫ్టు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. రాత్రి షిఫ్టు దిగినవాడు పడుకునేది పక్క కార్ఖానా చప్పుడు గోడలోంచి వినబడే గదిలో, ఒకరు లేస్తే ఇంకొకరు వాలే చాప మీద. కోల్పోయిన నిద్రను పూడ్చుకునే రెండో రాత్రి అతనికి ఎప్పుడొస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కారకం కావచ్చన్న తరగతిలో చేర్చి, 2019లో దాన్ని మళ్లీ ఖాయం చేసింది.

ఇక దుమ్ము. పత్తి పోగు మీద వచ్చే సన్నని నుసిలో బ్యాక్టీరియా గోడల ముక్కలు ఉంటాయి. ఎండోటాక్సిన్ అంటారు. ఊపిరితిత్తుల లోపల కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని శత్రువుగా గుర్తించి పోరుకు పిలుపునిస్తాయి. దండులా తెల్లకణాలు వచ్చి చేరతాయి, గొట్టాలు వాస్తాయి, ఛాతీ బిగుస్తుంది. సెలవు రోజు తేరుకున్న మనిషి పనిలోకి తిరిగొచ్చిన మొదటి రోజే మళ్లీ ఆయాసపడటం బిసినోసిస్ తొలి లక్షణం. లాంకషైర్ మిల్లుల నుంచి ముంబయి మిల్లుల దాకా వైద్యులు దీన్ని రాసిపెట్టారు. ఏళ్ల తరబడి ఆరని ఈ లోపలి మంట వార్ధక్యాన్ని తరుముతుందని, దానికి ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టి 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్‌సెస్కీ చెప్పాడు. దీర్ఘాయువు క్లినిక్‌ల కరపత్రాలన్నీ ఆ సిద్ధాంతం మీదనే నిలబడ్డాయి. ఏ మంటను ఆర్పుతామని లక్షలు అడుగుతున్నారో, ఆ మంటను షిఫ్టుకు పన్నెండు గంటల చొప్పున మరొకరి ఊపిరిలో రగిలిస్తున్నారు. భివండీలో ఇప్పుడు సింథటిక్ నూలు బాగా పెరిగిందని, పత్తి దుమ్ము అంతగా లేదని ఒక వాదన ఉంది. కావచ్చు. ఎంత తగ్గిందో చెప్పండి అంటే మళ్లీ మొదటికే వస్తాం.

ఆ ఊపిరుల్లో మనవి ఎన్నో ఉన్నాయి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి పద్మశాలీలు మొదట బొంబాయి మిల్లులకు, తర్వాత భివండీ సాంచాలకు తరాల తరబడి వలస వెళ్లారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మె బొంబాయి బట్ట మిల్లుల నడుం విరిచింది. ఆ నేత పని చాలావరకు భివండీ గల్లీల్లోకి వచ్చిపడింది. మిల్లులో ఉన్న యూనియన్, ఈఎస్‌ఐ, డాక్టరు మాత్రం వెంట రాలేదు. పద్మనగర్, కామత్‌ఘర్ వీధుల్లో తెలుగు బడి, మార్కండేయ మందిరం, బతుకమ్మ ఆట కనబడే చోట, దేశంలోని మరమగ్గాల్లో మూడోవంతు ఉన్నాయని చెప్పుకునే పరిశ్రమ ఇలా కుదురుకుంది. 2011 జనాభా లెక్కల్లో భివండీ నిజాంపూర్ నగరపాలికకు ఏడు లక్షల మంది తేలారు. తెలుగు యువకులు ఇప్పుడు సాంచా ఎక్కడం తగ్గించారు. వారి స్థానంలో ఉత్తరప్రదేశ్, బిహార్, ఝార్ఖండ్ కుర్రాళ్లు వచ్చారు. మనవాళ్లలో మిగిలింది ఎక్కువగా వయసు మీరినవారు, అంటే నలభై అయిదు, యాభై దాటినవారు. సాంచా పనిలో అది ముసలితనమే. చూపు తగ్గితే తెగిన పోగు కనబడదు, ఆయాసం వస్తే నాలుగు సాంచాల మధ్య తిరగలేరు, మీటరు లెక్కన వచ్చే కూలి పడిపోతుంది. సేటు పొమ్మనడు. కూలే పొమ్మంటుంది.

చట్టం ఏం చేస్తోంది? బిసినోసిస్ కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. పాత ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియజేయాల్సిన రోగాల్లో అది ఉండేది, ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూలులో ఉండేది, ఈఎస్‌ఐ చట్టంలో ఉండేది. కార్మికుడిలో ఆ జబ్బు చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి నివేదించాలన్న నిబంధనా ఉండేది. అన్నీ ఉండేవి, అయితే గుమ్మం బయట. కరెంటుతో నడిచే చోట పదిమంది కార్మికులుంటేనే అది ఫ్యాక్టరీ అన్న 1948 నాటి గీతను చూసి, ఒకే కప్పు కింద గోడ కట్టి రెండు పేర్లతో లైసెన్సులు తీసుకోవడం మరమగ్గాల పట్టణాల్లో పాత విద్య. గీత తప్పించుకునేవాడిని పట్టుకోవలసిన ప్రభుత్వం గీతనే జరిపింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇరవై మంది ఉండాలి. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని కేంద్రం అదే కోడ్‌ను చూపి గొప్పగా ప్రకటించింది. నలభై దాటినవారి ఊపిరికి పరీక్ష అవసరమని గుర్తించినందుకు అభినందిస్తాం. పదిమంది లేనిచోటును ‘సంస్థ’గానే లెక్కించని నిర్వచనం ఆ పరీక్షను ఎవరికి అందకుండా చేసిందో భివండీ వెళ్లి చూడమంటాం.

ఖర్చు గురించి యజమానులు చెప్పేది కొట్టిపారేయలేం. పన్నెండు సాంచాల సేటు కుబేరుడు కాదు. నూలు వ్యాపారి ఇస్తాడు, బట్ట వ్యాపారి తీసుకుంటాడు, మధ్యలో జాబ్ వర్క్ కింద మీటరుకు ఇంత అని సేటు నేయిస్తాడు. నూలు ధర ఎగిరినప్పుడు, గ్రే బట్ట ధర పడినప్పుడు నెలల తరబడి సాంచాలు ఆగిపోతాయి. కొందరు పాత సాంచాలను తుక్కు కింద అమ్ముకున్నారు. వారిలో మన పద్మశాలీలూ ఉన్నారు. ఇదంతా నిజం. దుమ్ము పీల్చే గొట్టాలు పెట్టించే భారాన్ని ఒక్క సేటు మీదనే మోపడం అన్యాయమన్నదీ నిజం. కానీ ఆ నిజంలోంచి దుమ్ము అలాగే ఉండాలన్న తీర్పు ఎలా వస్తుంది? బట్ట కొన్న పెద్ద వ్యాపారి, ఆ బట్టకు రంగువేసి ఎగుమతి చేసే కంపెనీ, కరెంటు రాయితీ ఇచ్చే రాష్ట్రం, ఇందరూ లాభపడే గొలుసులో మందుల చీటీ మాత్రం కూలివాడి జేబులోకే ఎందుకు పోవాలి?

ఈ ఖర్చు తగాదాను మరో దేశపు అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో తేల్చేసింది. 1978లో అమెరికా వృత్తి భద్రతా సంస్థ పత్తి దుమ్ముకు హద్దులు పెట్టింది. నూలు తీసేచోట క్యూబిక్ మీటరుకు 200 మైక్రోగ్రాములు, సైజింగ్ (నూలుకు గంజి పట్టించడం), నేత జరిగేచోట 750. మిల్లుల సంఘం కోర్టుకెక్కింది. కార్మికుడి ఆరోగ్యం వల్ల వచ్చే లాభం మిల్లు పెట్టే ఖర్చుకంటే ఎక్కువని ముందు రుజువు చేయాలంది. 1981లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. సాధ్యమైనంత మేర ఏ కార్మికుడి ఆరోగ్యమూ చెడకూడదని చట్టసభ తూకం వేసి తేల్చాక, కోర్టు మళ్లీ తక్కెడ పట్టదని చెప్పింది. మిల్లులు యంత్రాలు మార్చుకున్నాయి. బిసినోసిస్ వేగంగా తగ్గింది. ఆ తర్వాత ఆ మిల్లుల పని ఆసియాకు తరలిపోయిందనేవారు ఉంటారు. తరలిన పని వెంట ఆ 750 అంకె ఎందుకు తరలలేదన్నదే మన ప్రశ్న.

రోగనిరోధక శక్తి పెంచడానికి ఖరీదైన కణాలు కావాలనుకునేవారు ఝార్ఖండ్ వైపు చూడాలి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం అక్కడ క్షయ రోగుల ఇళ్లలో జరిపిన ‘రేషన్స్’ పరీక్ష ఫలితాలు 2023లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఇంట్లోని మిగతావారికి మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, వాటితో విటమిన్లు ఇచ్చారు. పదివేల మందికి పైగా ఉన్న ఆ పరీక్షలో, తిండి అందనివారితో పోలిస్తే అందినవారికి క్షయ సోకడం దాదాపు నలభై శాతం తగ్గింది, అంటుకునే రకం ఇంకా ఎక్కువగా. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారు చనిపోయే ముప్పు బాగా తగ్గింది. రోగనిరోధక కణాలకు పదును పెట్టే విషయంలో ఇంత పెద్ద ఫలితాన్ని చూపిన దీర్ఘాయువు క్లినిక్ ఒక్కటైనా ఉంటే చూపండి. దేశం 2025 నాటికి క్షయను అంతం చేస్తానని ప్రతిజ్ఞ చేసి, చేయలేకపోయింది. రోగికి నెలకిచ్చే పోషణ సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000కి పెంచింది. మంచిదే. ఇరుకు గదులు, దుమ్ము, రాత్రి పని, హోటల్ తిండి కలిసిన భివండీలాంటి ఊళ్లో క్షయ పరీక్షనూ ఊపిరితిత్తుల పరీక్షనూ కలిపి కార్ఖానాల దగ్గరికే తీసుకెళ్లాలన్న ఆలోచన ఎందుకు రాలేదో ఆరోగ్యశాఖ చెప్పలేదు.

తెలంగాణ ప్రభుత్వాన్నీ ఈ విచారణలోంచి తప్పించలేం. సిరిసిల్ల సాంచాల చరిత్రలో భివండీ అధ్యాయం ఉంది. అక్కడ పని నేర్చినవారు తిరిగొచ్చి పాత సాంచాలు బిగించుకున్నారు. సాంచా వెంట దుమ్మూ వచ్చింది, చప్పుడూ వచ్చింది, రాత్రి షిఫ్టూ వచ్చింది. 2022లో మొదలైన నేతన్న బీమా నేతకారుడు చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తుంది. ఆ సొమ్ము ఎన్నో ఇళ్లను నిలబెట్టి ఉంటుంది, కాదనలేం. కానీ శ్వాస తగ్గుతున్న పదేళ్లలో అతని ఊపిరిని ఒక్కసారైనా గొట్టంలో ఊదించి కొలిచే ఏర్పాటు దానికి జోడించలేదు. భివండీలో ఉండిపోయినవాడి సంగతి ఇంకా అన్యాయం. ఇక్కడి రాష్ట్ర ఆరోగ్య పథకం కార్డు అక్కడ చెల్లదు, అక్కడి కార్డు తీసుకోవడానికి తిరగవలసిన ఆఫీసులు చాలా. మహారాష్ట్ర తన మహాత్మా జోతిరావ్ ఫులే ఆరోగ్య పథకం హద్దును లక్షన్నర నుంచి అయిదు లక్షలకు పెంచింది. ముప్పై ఏళ్లు ఆ రాష్ట్రానికి బట్ట నేసినవాడు ఆ రాష్ట్రవాసి అవునా కాదా అన్నది మాత్రం రేషన్ కార్డు తేలుస్తోంది.

రక్తం వడకట్టడం అంటే మన ప్రాంతంలో సామాన్యుడికి తెలిసిన అర్థం డయాలిసిస్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు చెడిన కొబ్బరి, జీడి రైతుకూలీలు వారానికి రెండు మూడుసార్లు ఆ మంచం మీద పడుకుంటారు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరవడానికి, శుద్ధమైన తాగునీరు గొట్టాల ద్వారా రావడానికి ముందు ఆ ప్రాంతం ఎన్ని దశాబ్దాలు ఎదురుచూసిందో ఆంధ్రులకు చెప్పనక్కర్లేదు. ఆ అనుభవం నుంచి నేర్వవలసింది ఒకటుంది. ఉద్దానం లెక్కలోకి వచ్చింది ఎవరో రక్తం పరీక్షించి, ఇంటింటా తిరిగి, రోగుల సంఖ్యను కాగితం మీద పెట్టాకే. కొలిచిన తర్వాతే ప్రభుత్వం కదిలింది. భివండీలో కొలవకపోవడం నిర్లక్ష్యం వల్లనే జరుగుతోందని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాం. కరెంటు మీటర్ల చరిత్ర చూశాక ఆ మాట నమ్మశక్యంగా లేదు. కొలిస్తే బాధ్యత వస్తుంది, పరిహారం వస్తుంది, అందుకే కొలవడం లేదని అనుమానించే హక్కు పౌరులకుంది.

2017 ఏప్రిల్ 1న కేంద్ర జౌళిశాఖ ‘పవర్‌టెక్స్ ఇండియా’ పథకాన్ని ప్రారంభించడానికి ఎంచుకున్న వేదిక భివండీయే. పాత సాంచాలకు కొత్త భాగాలు, నూలు బ్యాంకు, ఉమ్మడి షెడ్లు, సౌర విద్యుత్తు దానిలో ప్రధానాంశాలు. మగ్గం ఆయుష్షు పెంచడానికి అంత కసరత్తు చేసిన శాఖకు మగ్గం పక్కన నిలబడేవాడి ఆయుష్షు పరాయి శాఖ పనిగా తోచింది. కార్మికశాఖకు అది ఆరోగ్యశాఖ పని, ఆరోగ్యశాఖకు అది పారిశ్రామిక భద్రతా సంచాలకుల పని, వారికి పదిమంది లేరు కనుక ఎవరి పనీ కాదు. భివండీ ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రికి ఆయాసంతో వచ్చినవాడి చీటీ మీద ఆస్తమా అనో, బీడీ అలవాటు అనో రాస్తే ఈ శాఖలన్నిటికీ సుఖం. ఆ చీటీలో వృత్తి అనే గడి నింపి, ఎన్నేళ్లుగా సాంచా మీద ఉన్నాడో అడిగి, ఊపిరి పరీక్ష చేసి నమోదు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు.

కార్మికుల సంఖ్య తక్కువన్న సాకుకు కూడా చట్టంలో విరుగుడు ఉంది. కార్మికులు ఎందరున్నా ఒక ఆవరణకు చట్టాన్ని వర్తింపజేసే అధికారం పాత ఫ్యాక్టరీల చట్టం 85వ సెక్షన్ రాష్ట్రాలకిచ్చింది. కాగితం మీద అంత పదునైన సెక్షన్ సాంచాల దగ్గరికొచ్చేసరికి మొద్దుబారింది. ప్రమాదకరమైన పని జరిగేచోట ఒక్క కార్మికుడున్నా నోటిఫికేషన్ ద్వారా తమ పరిధిలోకి తేవచ్చని కొత్త కోడ్ గురించి కేంద్రమే చెప్పుకుంది. ఏ వయసువారికి, ఏ తరగతి సంస్థల్లో ఏటా ఉచిత పరీక్ష జరగాలో నిర్ణయించే పనిని అదే కోడ్ ప్రభుత్వాలకు వదిలింది. కాబట్టి మహారాష్ట్ర ప్రభుత్వం భివండీ, మాలేగావ్, ఇచల్‌కరంజి, సోలాపూర్‌లలోని ప్రతి మరమగ్గాల కార్ఖానానూ, ప్రతి సైజింగ్ యూనిట్‌నూ సాంచాల సంఖ్యతో నిమిత్తం లేకుండా ఆ జాబితాలో చేర్చాలి. తెలంగాణ సిరిసిల్లకు అదే చేయాలి. పరీక్ష ఖర్చును సేటు మీద కాక కరెంటు రాయితీ పద్దులోంచి భరించాలి. రాయితీ పొందే ప్రతి కార్ఖానాలో ఏడాదికోసారి దుమ్మును కొలిచి, ఆ అంకెను గోడ మీద రాయించాలి. కొలత లేని కార్ఖానాకు మరుసటి ఏడాది రాయితీ ఆపాలి. కార్ఖానాల చిరునామాలు వెతకడానికి కమిటీ వేయనక్కర్లేదు. కరెంటు బిల్లుల మీద అవి అచ్చయి ఉన్నాయి.